ఓస్టెండ్‌లో బీరు కేఫ్‌కి వెళ్తే... కోటు తగిలించడం దగ్గర్నుంచి సీసాలు సర్దుకోవడం దాకా

బెల్జియం వచ్చిన మనవాళ్లు బ్రస్సెల్స్‌లో ఉచ్చ పోసే బుడ్డోడి బొమ్మ దగ్గర ఒక ఫోటో, బ్రూజ్‌లో కాలువ మీద పడవలో ఇంకో ఫోటో దిగి, నాలుగు డబ్బాల చాక్లెట్లు కొనుక్కుని ఆమ్‌స్టర్‌డామ్ బస్సెక్కేస్తారు. బ్రూజ్‌లో రైలెక్కి ఇంకో పావుగంట కూర్చుంటే సముద్రం వస్తుందని చాలామంది పట్టించుకోరు. ఆ ఊరు ఓస్టెండ్. నేను ఘెంట్‌లో ఉద్యోగం చేసిన నాలుగేళ్లూ, ఆఫీసులో బుర్ర వేడెక్కినప్పుడల్లా అక్కడికే పోయేవాణ్ణి. బీచ్ కోసం అనుకునేరు! భీమిలి తీరం చూసిన కళ్లకి ఆ బూడిదరంగు సముద్రం ఏమంత ఆనదు. నేను వెళ్లేది దాని వెనక సందుల్లో ఉండే కేఫ్‌ల కోసం.

నాకు బాగా అలవాటైన కేఫ్‌లో ఏ రెండు కుర్చీలకీ జత కుదరదు. దూలానికి ఓడ లాంతరు వేలాడుతుంటుంది. గోడ నిండా కార్నివాల్ ముసుగులు, నాటకాల పాత పోస్టర్లు. మూల శ్రుతి తప్పిన పియానో. రేడియేటర్ పక్కన ఒక పిల్లి, దానికో సొంత కుర్చీ. బీర్ల పట్టికేమో మన పెళ్లి ఆల్బమ్ అంత మందం. మొదటిసారి వెళ్లినప్పుడు నేను చేయకూడనివన్నీ చేశాను. మీరు చేయకుండా ఉంటారని ఇది రాస్తున్నా.

ముందు, ఎప్పుడు వెళ్లాలి

జూలై, ఆగస్టుల్లో వద్దు. ఎండ కనపడితే ఆ దేశం దేశమంతా తీరానికే దిగుతుంది. నవంబరులోనో ఫిబ్రవరిలోనో, వారం మధ్యలో, చినుకులు పడుతూ ఉత్తర సముద్రం గాలి గొడుగుని తిరగేసే రోజు చూసుకోండి. మధ్యాహ్నం మూడింటికి లోపలికి చేరితే నచ్చిన బల్ల దొరుకుతుంది, కౌంటర్ దగ్గరుండే మనిషికి మీతో మాట్లాడే తీరికా ఉంటుంది. చాలా కేఫ్‌లకి వారంలో ఒకటి రెండు రోజులు సెలవు. అది ఏ రోజన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి బయల్దేరే ముందే చూసుకోండి.

బ్రస్సెల్స్ నుంచి నేరుగా రైలుంది, గంటంబావు ప్రయాణం. కారు వద్దు. అక్కడ లీటరు రక్తంలో 0.5 గ్రాముల ఆల్కహాల్ దాటితే డ్రైవింగ్ నేరం. ఈ ఊళ్లో బీర్లతో ఆ గీత ఎంత తొందరగా దాటుతామో ముందు ముందు లెక్క చెప్తాను. రైలు దిగగానే తిరుగు రైళ్లలో ఆఖరిది ఎన్నింటికో ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఇది ఇప్పుడు చేయాల్సిన పని. మూడో గ్లాసు తర్వాత ఆ బోర్డు మీద అంకెలు సరిగ్గా కనపడవు, కనపడినా నమ్మబుద్ధి కాదు.

స్టేషన్ బయటికి వస్తే ఒకవైపు మెర్కాటోర్ అనే పాత శిక్షణ ఓడ, దాని మూడు తెరచాప స్తంభాలు, ఇంకోవైపు జంట గోపురాల చర్చి కనిపిస్తాయి. పక్కనే తీరం ట్రామ్ ఆగుతుంది. కనోకె నుంచి దె పన్నె దాకా, దాదాపు బెల్జియం తీరమంతా, 67 కిలోమీటర్లు అదే నడుస్తుంది. మీరు మాత్రం ట్రామ్ ఎక్కకుండా చేపల రేవు వెంట ఊళ్లోకి నడవండి.

సరైన తలుపు ఎలా గుర్తుపట్టాలి

సముద్రానికి ఎదురుగా, తినుబండారాల ఫోటోలు నాలుగు భాషల్లో లామినేట్ చేసి తగిలించిన చోటు మీకోసం కాదు. ఒకటి రెండు సందులు లోపలికి రండి. కిటికీకి కింది సగం లేసు తెర, తలుపు పక్కన పాత ఎనామెల్ బీరు బోర్డు, లోపల పసుప్పచ్చటి దీపాల వెలుగు ఉంటే ఆగండి. అద్దంలోంచి చూస్తే గోడలు టీ డికాక్షన్ పోసి కడిగినట్టు ఉండాలి. వీటిని అక్కడ బ్రౌన్ కేఫ్‌లంటారు. ఆ రంగు పెయింటు డబ్బాలోంచి వచ్చింది కాదు, దశాబ్దాల సిగరెట్ పొగ. 2011 జూలై 1 నుంచి కేఫ్‌ల లోపల పొగ తాగడం నిషేధం. పొగ పోయినా రంగు మిగిలింది.

కేఫ్ గోడల మీద ఆ ముసుగులు ఎందుకో కూడా తెలుసుకుని వెళ్తే బాగుంటుంది. జేమ్స్ ఎన్సోర్ అనే చిత్రకారుడు 1860లో ఈ ఊళ్లోనే పుట్టి, 1949లో ఈ ఊళ్లోనే పోయాడు. వాళ్ల కుటుంబానికి గవ్వలు, కార్నివాల్ ముసుగులు అమ్మే దుకాణం ఉండేది. ఆ ముసుగులే ఆయన బొమ్మల్లో మనుషుల మొహాలయ్యాయి. ఆయన చివరి రోజుల దాకా ఉన్న ఇల్లు వ్లాండెరెన్‌స్ట్రాట్‌లో మ్యూజియంగా ఉంది, కింద ఆ కొట్టు సహా. ఎన్సోరూ ఆయన మిత్రులూ పారిస్ వెళ్లి మోంమార్త్ర్‌లో 'చచ్చిన ఎలుక' అనే పేరున్న కేఫ్ చూసి, తిరిగొచ్చాక ఆ పేరుతోనే 1898లో ఇక్కడ ముసుగుల నాట్యోత్సవం మొదలుపెట్టారు. చచ్చిన ఎలుక పేరున జనం సూటూ బూటూ వేసుకుని డాన్సు చేసే ఊరన్నమాట! 1936 వేసవిలో హిట్లర్ పాలన తరిమేసిన స్టెఫాన్ జ్వైగ్, జోసెఫ్ రోత్‌లాంటి రచయితలు ఇక్కడి కేఫ్ బల్లల దగ్గరే రోజులు గడిపారు. 1981లో అప్పులూ అలవాట్లూ వెంటాడుతుంటే అమెరికన్ గాయకుడు మార్విన్ గే వచ్చి ఈ ఊళ్లో ఏడాదికి పైగా తలదాచుకున్నాడు. దారి తప్పినవాళ్లకి ఒక కుర్చీ చూపించడం ఈ ఊరికి కొత్త కాదు.

లోపలికి వెళ్లాక మొదటి ఐదు నిమిషాలు

తలుపు తీయగానే 'డాహ్' అనండి. ఎవరికో ఒకరికి అని కాకుండా గదికంతటికీ వినపడేలా. రోజు అని అర్థం ఉన్న ఆ మాటే అక్కడ పలకరింపు. ఏమీ అనకుండా వెళ్లి కూర్చుంటే కోప్పడరు గానీ, అన్నవాళ్ల దగ్గరికి ముందొస్తారు. ఇది డచ్ మాట్లాడే ఫ్లాండర్స్ ప్రాంతం. మనవాళ్లు బెల్జియం అంటే ఫ్రెంచ్ అనుకుని 'బోంజూర్' మొదలుపెడతారు. ఇక్కడ దానికన్నా ఇంగ్లీషే నయం.

ఎవరో వచ్చి బల్ల చూపిస్తారని నిలబడకండి. ఖాళీ ఉన్నచోట మీరే కూర్చోవాలి. రెండు మినహాయింపులు. కౌంటర్‌కి దగ్గర్లో ఉన్న బల్ల రోజూ వచ్చే ముసలాళ్లది. బోర్డేమీ ఉండదు గానీ మన ఊరి రచ్చబండ మీద పెద్దాయన కూర్చునే చోటులాంటిదే. రెండోది పిల్లి ఉన్న కుర్చీ. నేను దాన్ని ఎత్తి కింద పెట్టబోతే గదిలో మాటలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

తడిసిన కోటు కుర్చీకి వేలాడదీయకుండా గోడ కొక్కేనికి తగిలించండి. ఆర్డర్ కోసం చేయి ఊపకండి, చిటికెలు అసలే వద్దు. కళ్లు కలిస్తే చాలు, వస్తారు. రావడానికి పది నిమిషాలు పట్టినా అది నిర్లక్ష్యం అనుకోకండి. అక్కడి నడకే అంత.

పట్టిక చదవడం

అసలు సంగతి ఇక్కడుంది, కాస్త నింపాదిగా చెప్పుకుందాం.

మనకి బీరంటే ఒకటే రకం: పసుప్పచ్చగా, చల్లగా, 650 మిల్లీలీటర్ల సీసాలో. వాళ్ల దగ్గర దానికి పిల్స్ అని పేరు, 25 సెంటీలీటర్ల చిన్న గ్లాసులో ఇస్తారు, పింట్యె అంటారు. దాని కోసం ఇంత దూరం రానక్కర్లేదు. పట్టికలో ప్రతి పేరు పక్కనా రెండు అంకెలుంటాయి, ఒకటి ధర, ఒకటి ఆల్కహాల్ శాతం. మనవాడి కన్ను మొదట ధర మీద పడుతుంది. మీరు శాతం చూడండి.

లెక్క ఇదీ. మన 5 శాతం పెద్ద సీసాలో ఉండే ఆల్కహాల్ 32 మిల్లీలీటర్ల పైచిలుకు. అక్కడ 9 శాతం ఉన్న 33 సెంటీలీటర్ల బుల్లి సీసాలో దాదాపు 30. అంటే ఆ బుడ్డి సీసా మన పెద్ద సీసాతో సమానం. రోష్‌ఫోర్ 10 అనేదాంట్లో 11.3 శాతం, అది పెద్ద సీసాని దాటేసింది. నేను మొదటిసారి పట్టికలో అన్నిటికంటే పెద్ద అంకె వెతికి, ఇంత చిన్న సీసానా అని నవ్వుకుంటూ రెండు తాగాను. ఆ రాత్రి రైలు అందలేదు. ఫర్వాలేదులే, సముద్రం చూస్తానని బీచ్‌కి వెళ్లి గంటసేపు చూసింది కార్ల పార్కింగ్‌నని పొద్దున్న తెలిసింది.

కాబట్టి సాయంత్రానికి మూడు. తక్కువ శాతం నుంచి ఎక్కువకి. మధ్యలో తిండి, నీళ్లు.

ఎలా ఎంచుకోవాలంటే, పేర్ల జోలికి పోకుండా రుచి చెప్పండి. మూడు మాటలు చాలు: 'జూర్' అంటే పులుపు, 'బిట్టర్' చేదు, 'జూట్' తీపి. ఈ మూడింట్లో ఏది ఇష్టమో చెప్తే మిగతాది వాళ్లే చూసుకుంటారు. రెండు వందల సీసాల్లోంచి మీకు ఒకటి వెతికిపెట్టడం వాళ్లకి సరదా.

నన్నడిగితే మొదటిది రోడెన్‌బాఖ్. ఓస్టెండ్ ఉన్న పడమటి ఫ్లాండర్స్‌లోనే రూసెలారె అనే ఊళ్లో చేస్తారు. ఇంటి ఎత్తున్న ఓక్ పీపాల్లో దాదాపు రెండేళ్లు మాగబెట్టిన బీరుని కొత్త బీరుతో కలుపుతారు. ఎర్రటి గోధుమరంగు, పుల్లగా, వెనక ఎక్కడో పండు వాసన. 5 శాతం చిల్లర, అంతే. మొదటి గుక్కకి మొహం చిట్లిస్తారు. మూడో గుక్కకి నేరేడుపళ్లు తిన్న నాలుకలా ఉంటుంది.

ఇంకా తేలిక కావాలంటే గోధుమ బీరు, విట్ అంటారు. మబ్బుగా ఉంటుంది. అందులో వేసేవి నారింజ తొక్క, ధనియాలు. అవును, మన ధనియాలే. ఆ సంగతి చెప్పకుండా మా ఆవిడకి ఇస్తే, 'దీంట్లో చారు వాసనేంటి' అంది.

కల్లు రుచి తెలిసినవాళ్లు మాత్రం గ్యూజ్ అడగాలి. బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అనే బీరు చేస్తారు. కాచిన రసాన్ని వెడల్పాటి, లోతు తక్కువ తొట్టెలో రాత్రంతా గాలికి వదిలేస్తారు. పులియబెట్టే ఈస్టు వాళ్లు వేయరు, గాలిలో ఉన్నదే వచ్చి పడుతుంది. అందుకే చలికాలంలోనే కాస్తారు, ఎండలకి పాడుచేసే సూక్ష్మజీవులు ఎక్కువ. లొట్టిలో కల్లు తనంతట తాను పొంగడం చూసినవాడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. తేడా ఏంటంటే కల్లు మధ్యాహ్నానికే పులిసిపోతుంది, వీళ్లు లాంబిక్‌ని పీపాల్లో ఒకటి, రెండు, మూడేళ్లు ఉంచి, ముసలిదాన్నీ పడుచుదాన్నీ కలిపి సీసాకెత్తుతారు. ఆ కలిపినదే గ్యూజ్. పుల్ల చెర్రీలు నానబెడితే క్రీక్. క్రీక్ పేరుతో శర్బత్తులా తియ్యగా ఉండేవీ అమ్ముతారు, కాబట్టి ఆర్డర్ చెప్పేటప్పుడే 'జూర్' అని గట్టిగా అనండి.

చివరిది ట్రాపిస్ట్. మఠాల్లో సన్యాసుల ఆధ్వర్యంలో తయారయ్యేవి. బెల్జియంలో ఇప్పుడు ఐదు: వెస్ట్‌మాలె, వెస్ట్‌వ్లెటెరెన్, షిమే, ఓర్వాల్, రోష్‌ఫోర్. వీటిలో వెస్ట్‌వ్లెటెరెన్ కోసం ఎగబడేవాళ్లు ఎక్కువ. ఆ మఠంవాళ్లు చాలా ఏళ్లు సొంతానికి తాగేవాళ్లకే అమ్మారు, తిరిగి అమ్మొద్దని షరతు పెట్టారు. అయినా కొన్ని పట్టికల్లో అది రెండింతల మూడింతల ధరకి కనిపిస్తుంది. నేనైతే ఆ డబ్బుతో రెండు ఓర్వాల్‌లు తాగుతాను.

సీసా వచ్చాక

ఓర్వాల్ సీసా బౌలింగ్ ఆటలో పడగొట్టే కట్టెలా ఉంటుంది. దాంతోపాటు దాని గ్లాసే రావాలి, వెడల్పు నోరు, లావుపాటి కాడ ఉన్న పాత్ర. ప్రతి బీరుకీ సొంత గ్లాసు ఉంటుంది. ఆ గ్లాసు వేరేవాళ్ల దగ్గరుంటే, వేరే గ్లాసు ఫర్వాలేదా అని వచ్చి అడుగుతారు. కొత్తల్లో ఇదేం చాదస్తం అనుకున్నా. ఆ తర్వాత ఒకరోజు ఘెంట్‌లో నా గదిలో స్టీలు గ్లాసులో ఓర్వాల్ పోసుకుని చూశాను. సగం వాసన ఎటుపోయిందో తెలియలేదు.

కౌంటర్ దగ్గరుండే ఆవిడ పోస్తుంటే చూడండి. ముందు గ్లాసుని చన్నీళ్లలో ఒకసారి ముంచి తీస్తుంది, తుడవదు. గ్లాసు వంచి, సీసా మూతి అంచుకి తగలకుండా సన్నటి ధారగా పోస్తుంది. సగమయ్యాక గ్లాసు మెల్లగా నిలబెడుతుంది. నురగ రెండు వేళ్ల మందం లేస్తుంది. సీసా అడుగున ఒక సెంటీమీటరు మిగలగానే ఆపేస్తుంది. గ్లాసు మీద బొమ్మ, సీసా మీద లేబులు రెండూ మీవైపు తిప్పి పెట్టి వెళ్తుంది.

నురగ ఎక్కువ పోసి మోసం చేస్తోందని నేను మొదట్లో అనుకున్నా. నురగ లేకపోతే ఆ బీరు వాళ్ల దృష్టిలో చచ్చిన బీరు. అడుగున మిగిల్చిన మడ్డి ఈస్టు. దాన్ని గ్లాసులో వంపేస్తే బీరు మబ్బుపడుతుంది, రుచి మారుతుంది. కొన్ని చోట్ల దాన్ని బుల్లి గ్లాసులో విడిగా ఇస్తారు. తాగొచ్చు, ఒంటికి మంచిదంటారు వాళ్లు. తిరుగు ప్రయాణంలో రైలు కిక్కిరిసి ఉంటుందనుకుంటే మాత్రం వదిలేయండి.

ఐసు అడగొద్దు. నల్లటి ట్రాపిస్ట్‌లు ఫ్రిజ్ చల్లదనంలో మూగబోతాయి. వేడెక్కే కొద్దీ ఎండు ఖర్జూరం, మాడిన బెల్లం వాసనలు ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. మూడు నిమిషాల్లో దించేసేవాళ్లకి ఆ వాసనలు దొరకవు. నా బుల్లి సీసాలు ముప్పావుగంట సాగుతాయి.

ఓర్వాల్ గురించి ఇంకో ముక్క. అందులో బ్రెటనోమైసెస్ అనే అడవి ఈస్టు వేసి సీసా మూస్తారు, లోపల అది నెలల తరబడి పని చేస్తూనే ఉంటుంది. కొత్త సీసాలో చేదు ఎక్కువ. ఆర్నెల్లు దాటినది పొడిగా, పాత తోలు వాసనతో ఉంటుంది. కొన్ని కేఫ్‌లు రెండూ ఉంచి 'పడుచుదా, ముసలిదా' అని అడుగుతాయి. ఆ ప్రశ్న మిమ్మల్నడిగితే మీరు మంచి కేఫ్‌లో ఉన్నట్టే.

తిండి, నీళ్లు, తాగనివాళ్లు

చీజ్ ముక్కల ప్లేటు చెప్పండి. వేలెడంత ఘనాలు, పక్కన ఆవముద్ద, ఒక చిన్న గిన్నెలో సెలరీ ఉప్పు. ముందు ఆవలో, తర్వాత ఉప్పులో అద్ది తినాలి. ఆ ఆవ ఘాటు ముక్కుకెక్కుతుంటే ఆవకాయ కలిపిన రోజు గుర్తొస్తుంది. వంటిల్లు ఉన్న కేఫ్ అయితే రొయ్యల క్రోకెట్ తప్పనిసరి. ఈ తీరంలో దొరికే బూడిదరంగు చిట్టి రొయ్యల్ని చిక్కటి తెల్ల సాస్‌లో కలిపి, రొట్టె పొడి పొర్లించి వేయిస్తారు. పైన నిమ్మముక్క, వేయించిన పార్స్‌లీ ఆకు. పైకి చల్లారినట్టుంటుంది గానీ లోపల లావా. మధ్యలోకి కోసి రెండు నిమిషాలు ఆగండి.

శాకాహారులకి చీజ్ క్రోకెట్ ఉంటుంది. ఫ్రెంచ్ ఫ్రైస్ మాత్రం అడిగి తినండి, అక్కడ సంప్రదాయంగా ఎద్దు కొవ్వులో వేయిస్తారు. 'స్టోఫ్‌వ్లేస్' అని కనిపించేది బీరులో ఉడికించిన గొడ్డుమాంసం.

కుళాయి నీళ్లు ఊరికే పెట్టరు, అడిగితే విచిత్రంగా చూస్తారు. 'స్పా బ్లావ్' అంటే మామూలు నీళ్లు, 'స్పా రోడ్' అంటే గ్యాసు నీళ్లు. రెండూ కొనాల్సిందే. తాగని స్నేహితుణ్ణి తీసుకెళ్లడానికి మొహమాటపడకండి. కాఫీతో చిన్న బిస్కెట్టు వస్తుంది, వేడి చాక్లెట్ ఉంటుంది, ఆల్కహాల్ లేని బీర్లూ ఉంటాయి. ఒక్క పెగ్గు వేసుకోరా ఏం కాదు అని ప్రాణం తీసే మన అలవాటు వాళ్లకి లేదు. 16 ఏళ్లు నిండితే బీరు తాగనిస్తారు కాబట్టి పక్క బల్లమీద కుర్రాళ్లని చూసి కంగారు పడకండి.

మాట కలిస్తే

గ్లాసులు తాకించేటప్పుడు 'స్ఖోల్' అనాలి, ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తూ. గ్లాసు వైపు చూస్తూ అంటే మళ్లీ అనిపిస్తారు. పక్క బల్లవాళ్లు మీకొక గ్లాసు పంపితే తర్వాతి వంతు మీది, తప్పించుకోకూడదు. ఇంకోటి కావాలంటే 'నొహ్ ఏన్చె'. ఈ మాట నేర్చుకోవడం తేలిక, మానడమే కష్టం.

వాతావరణం గురించి తిట్టడంతో మాటలు మొదలుపెట్టండి, ఎవరైనా కలుస్తారు. నేను ఒకసారి ఆ రోజూ వచ్చే పెద్దాయనకి తాటిచెట్టు ఎక్కి కల్లు గీయడం గురించి చెప్పాను. నడుముకి మోకు ఎలా కడతారో బీరు గ్లాసు అడుగున పెట్టే అట్టముక్క వెనక బొమ్మ గీసి చూపించాను. ఆయన దాన్ని జేబులో పెట్టుకుపోయాడు. నెల తర్వాత వెళ్తే అది ముసుగుల మధ్య గోడకి గుచ్చి ఉంది.

బిల్లులో సర్వీసు కలిసే ఉంటుంది. పైన చిల్లర వదిలితే చాలు, పది శాతం లెక్కలు అక్కర్లేదు. 2022 జూలై నుంచి ప్రతి వ్యాపారీ ఏదో ఒక డిజిటల్ చెల్లింపు తీసుకోవాలి. అయినా జేబులో నాలుగు నాణేలుంచుకోండి, టాయిలెట్ తలుపు దగ్గర పళ్లెం కనిపించవచ్చు.

తిరిగి వచ్చేటప్పుడు

గ్లాసు నచ్చిందని సంచిలో వేసుకోకండి. అడిగితే కొన్నిచోట్ల అమ్ముతారు. లేకపోతే సూపర్ మార్కెట్‌లో సీసాలతో కలిపి గ్లాసు ఉన్న పెట్టె దొరుకుతుంది. సీసాలు కూడా అక్కడే కొనండి, కేఫ్ ధరలో సగం కూడా ఉండదు. విమానంలో చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర పారేయాల్సిందే. ఒక్కో సీసాని ఒక్కో సాక్సులో దూర్చి, బట్టల మధ్య నిలువుగా పెట్టి, లోపలికి వేసే పెట్టెలో సర్దండి. ఇండియాలో దిగేటప్పుడు సుంకం లేకుండా ఒక మనిషికి 2 లీటర్ల మద్యం తెచ్చుకోవచ్చు. 33 సెంటీలీటర్ల సీసాలు ఆరైతే 1.98 లీటర్లు. ఏడోది పెట్టకండి. ఆ ఆరింటిలో రెండు ఓర్వాల్ అయితే ఒకటి రాగానే తాగి, రెండోది వెలుతురు పడని అలమరలో ఆర్నెల్లు దాచండి.